అరకు కొండలలో అయిదు ఖండముల చెట్లు

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



విశాఖపట్టణమునుండి అరకు పోవు రైలుబండి శృంగవరపుకోట దాటిన పిదప కొండ నెక్క నారంభించును. బైలదిల్లా ఇనుప ఖనిజమును రేవునకు చేర్చుటకై 1960వ దశకమున వేసిన ఆ మార్గము పెక్కు సొరంగముల గుండ పోవును. బండి సొరంగమునుండి వెలికి వచ్చినప్పుడెల్ల ప్రయాణికులు కిటికీలయొద్ద మూగి, ఎంత పచ్చదనమని ఆనందింతురు. వారి ఆనందము న్యాయమైనదే. కాని వారికి కనబడునది పచ్చదనము మాత్రమే. అదే పెట్టెలో అడ్డాకుల కట్ట ఒడిలో నుంచుకొని కూర్చున్న గిరిజన స్త్రీ ఆ కిటికీలోనుండియే చూచినప్పుడు, ఇది కరక, అది తాని, ఆవలిది ఇప్ప, వాగు దగ్గరది జీలుగు అని వేరువేరుగ కనబడును. ఏ చెట్టు ఏ మాసమున పూచునో, దేని కాయ తినదగినదో, దేని పాలు తగిలిన ఒడలు పొక్కునో ఆమెకు తెలియును.

ఈ రెండు చూపులకు నడుమ గల దూరమును గూర్చియే నేటి ప్రసంగము. చెట్టును చెట్టునుండి వేరుపరచి గుర్తించుట కేవలము వృక్షశాస్త్ర పండితుల వినోదము కాదు. కొండమీద బ్రతుకువానికి అది ఆహారము, ఔషధము, ఆదాయము. ఆ గుర్తు తప్పినచోట నష్టము వచ్చును. ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోవును.

అరకు లోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున, 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో నున్నది. ఎత్తును, చల్లదనమును, వర్షమును కలసివచ్చిన తావగుటచే దేశదేశముల వృక్షములు ఇచ్చట నాటుకొన్నవి. కాఫీతోటలో నిలువబడి చూచినచో ఆఫ్రికానుండి వచ్చిన కాఫీయు, దానికి నీడనిచ్చు ఆస్ట్రేలియా సిల్వర్ ఓకును, వాని నడుమ ఈ గడ్డమీదనే పుట్టిన పనసయు కరకయు కనబడును. కొండ దిగువకు వచ్చినచో దక్షిణ అమెరికా జీడిమామిడియు, మధ్య అమెరికా, వెస్టిండీసుల సీతాఫలమును ఎదురగును. అయిదు ఖండములు ఒక్క కొండవాలున కలసినవనుట అతిశయోక్తి కాదు.

మొదట పేర్ల సంగతి చూతము గాక. పేరు చెట్టునకు తొలి గుర్తు. కాని అది పెక్కుమారులు దారి తప్పించును. సీతాఫలమని పురాణపు పేరు పెట్టుకొన్న చెట్టు సముద్రములు దాటి వచ్చినది. చింతపండును అరబ్బులు హిందూదేశపు ఖర్జూరమనిరి. ఆ మాటయే ఐరోపా భాషలలో టామరిండ్ అయినది. కాని చింత జన్మస్థానము ఆఫ్రికా. నీలగిరి తైలపు చెట్టని, జామాయిలని తెలుగువారు పిలుచు యూకలిప్టస్ నీలగిరులదియు కాదు, జామయు కాదు. అది ఆస్ట్రేలియానుండి వచ్చినది. ఇక సిల్వర్ ఓక్ ఓక్ జాతిదే కాదు. నిజమైన ఓక్ చెట్టు కాయ చిన్న గిన్నెలో కూర్చున్న గింజవలె నుండును. సిల్వర్ ఓక్ కాయ చిన్న పడవ ఆకారమున నుండి, పగిలినప్పుడు రెక్కగల గింజలను విడుచును. ఇంగ్లీషువారికి దాని కొయ్య తమ దేశపు ఓక్ కొయ్యను తలపించుటచే ఆ పేరు వచ్చినది.

అయితే నిజము చెప్పు పేర్లును కలవు. బ్రెజిల్ ప్రాంతపు చెట్టును పోర్చుగీసువారు పదునారవ శతాబ్దమున ఈ దేశమునకు తెచ్చినప్పుడు, తెలుగువారు దానిని జీడిమామిడి యనిరి. అడవిలోని నల్లజీడి చెట్టునకును, పెరటిలోని మామిడికిని ఇది చుట్టమని వారు ఎట్లు కనిపెట్టిరో! నల్లజీడి గింజ పసరు చాకలివారు గుడ్డలపై గుర్తులు పెట్టుటకు వాడినది. ఒడలికి తగిలిన పొక్కును. జీడిగింజ పైతొక్కలోని నూనెయు అట్టిదే. మామిడికాయ తొడిమ తుంచినప్పుడు చిమ్ము సొన తగిలినను పెదవి పొక్కును. వృక్షశాస్త్రజ్ఞులు ఈ మూడింటిని ఒకే కుటుంబమున చేర్చిరి. ఆ శాస్త్రము చదువని రైతు సొననుబట్టి, ఆకునుబట్టి అదే మాట ముందుగా చెప్పినాడు.

కావున చెట్టును గుర్తించుటకు పేరొక్కటి చాలదు. ఆకు, బెరడు, పువ్వు, కాయ అను నాలుగింటిని చూడవలెను. ఆకు ప్రతిదినము కనబడునది గనుక మొదట దానిని చూతురు. కాని చుట్టరికము తెలుపునది పువ్వును కాయయును.

మద్ది చెట్లను తీసికొనుడు. నల్లమద్ది బెరడు మొసలి వీపువలె చతురములుగా పగిలియుండును. ఏరుమద్ది, అనగా తెల్లమద్ది, వాగుల ఒడ్డున పెరుగును. దాని బెరడు నునుపుగా, పాలిపోయి యుండి పొరలు పొరలుగా ఊడును. బెరడులు చూచినవాడు ఈ రెండును అన్నదమ్ములని నమ్మడు. కాని రెండింటి కాయలకును అయిదేసి రెక్కలుండును. వీనికి దాయాదులైన కరకయందు ఆ రెక్కలు అణగి గీతలైనవి. తానికాయ ఇంచుమించు గుండ్రముగా, ముట్టుకొన్న మఖమలువలె నుండును. త్రిఫలములలో రెండు ఈ ఇంటివే. మూడవది ఉసిరి, అది వేరు కుటుంబము.

బూరుగు చెట్టు ఈ కొండలలో అందరెరిగినదే. మాఘ మాసమున ఆకులన్నియు రాల్చి, మోడు కొమ్మలపై ఎర్రని దళసరి పూలు పూచును. దాని ఆకు విప్పిన అరచేతివలె అయిదారు వ్రేళ్ళుగా నుండును. హైదరాబాదునందు గోల్కొండ నయాఖిల్లాలో హాథియాన్ కా ఝాడ్ అనబడు బ్రహ్మాండమైన వృక్షమొకటి కలదు. అది ఆఫ్రికా మైదానముల బావోబాబ్. దాని ఆకును అరచేతివంటిదే. అది బూరుగునకు చుట్టము. బూరుగు పూవు పగటివేళ పక్షులను పిలుచును. బావోబాబ్ తెల్లని పూవు రాత్రి విచ్చి గబ్బిలములను పిలుచును. బూరుగుకాయలో దూది యుండును. బావోబాబ్ కాయలో పుల్లని పిండి యుండును. ఒకే వంశము రెండు దేశములలో రెండు విధముల సంసారము నడుపుచున్నది.

ఇట్టి పోలికలు మనస్సునకు ఇంపుగా నుండును. కాని పోలికయే ప్రమాదమైన జంట యొకటి తూర్పు కనుమలలో కలదు. ముష్టి చెట్టును, చిల్లచెట్టును ఒకే ప్రజాతికి చెందినవి. రెండింటి ఆకులును ఎదురెదురుగా పుట్టి, నున్నగా మెరయుచు, తొడిమనుండియే మూడు నుండి అయిదు ఈనెలు విడివడి యుండును. చిల్లగింజను కుండలోపల అరగదీసి బురదనీరు పోసినచో మన్ను అడుగునకు దిగి నీరు తేటపడును. అది పూర్వులు ఎరిగిన శుద్ధి. ముష్టిగింజలో స్ట్రిక్నిన్ అను ఘోర విషము కలదు. భేదము కాయయందు తెలియును: ముష్టిపండు చిన్న నారింజవలె పచ్చగా, పెద్దదిగా నుండి, లోపలి గింజలు బొత్తాములవలె చదునుగా, పట్టునూగుతో మెరయును, చిల్లపండు నల్లగా, చిన్న రేగుపండంత యుండి, లోపల గుండ్రని గింజ యుండును. ఒకటి నీటిని తేర్చును, ఇంకొకటి ప్రాణము తీయును. ఈ భేదమును తల్లి బిడ్డకు చెప్పకపోయిన యెడల ఏ పుస్తకమును ఆ సమయమునకు అడ్డుపడజాలదు.

ఈ కొండల సొంత వృక్షములలో మూడింటిని ప్రత్యేకముగా పేర్కొనవలెను. మొదటిది గుగ్గిలము. సంస్కృతమున సాలవృక్షము, బుద్ధభగవానుడు జంట సాలవృక్షముల నడుమ నిర్వాణము చెందెనని బౌద్ధులు చెప్పుదురు. హిమాలయపు పాదములనుండి దిగివచ్చిన ఈ చెట్టు ఉత్తరాంధ్ర కొండలవరకు వచ్చి, గోదావరికి ఈవలనే ఆగిపోయినది. దాని కాయకు అయిదు రెక్కలు; మూడు పొడవు, రెండు పొట్టి. తొలకరి గాలికి గిరగిర తిరుగుచు నేల వ్రాలును. గింజ కొలది దినములలోనే మొలకెత్తు శక్తిని కోల్పోవును గనుక, వాన రాకకును అది రాలుటకును సరిపడవలెను. దీని బంగే మనవారి ధూపము. ఈ కుటుంబమునకే చెందిన చెట్టొకటి మలేసియాలోని సబా రాష్ట్రమున 100 మీటర్లు దాటి పెరిగినట్లు 2019లో వెల్లడియైనది. కాలిఫోర్నియా రెడ్‌వుడ్ ఒకటి 115 మీటర్లకు మించినది. కాని పూచే చెట్లలో ఈ గుగ్గిలపు వంశము మిక్కిలి ఎత్తైనవానిలో నిలిచినది.

రెండవది ఇప్ప. తుంచిన పాలు కారును. చైత్రమున తెల్లవారకమునుపే దాని కండగల తెల్లని పూలు జలజల రాలును. ఆడవారు, పిల్లలు బుట్టలతో ఏరి ఎండబెట్టుదురు. గింజనుండి నూనె తీయుదురు. పట్టణముల బజారులో అమ్ము సపోటా ఈ ఇప్పకు దూరపు చెల్లెలు; మెక్సికో, మధ్య అమెరికాల వాసి. దాని పాలనుండియే పూర్వము నమలుడు జిగురు చేసిరి.

మూడవది జీలుగు. తాడి, ఈత, కొబ్బరి కుటుంబమునకు చెందినదైనను దాని మట్ట రెండుమార్లు చీలును. చివరి చీలికలు చేప తోకలవలె నుండును. తాడిజాతులలో మరి ఏ ప్రజాతికిని ఇట్టి ఆకు లేదు. దాని పూగెలలు మొదట శిఖరమున పుట్టి, ఏటేట క్రిందికి దిగుచు వచ్చును. కట్టకడపటి గెల పండినంతనే చెట్టు మరణించును. పచ్చిపండు ముట్టిన దురద. గెల గీసినచో కల్లు. కరవు కాలమున బోదెలోని పిండి గంజి.

ఈ జీలుగు చరిత్రకును ఎక్కినది. 1879లో రంప ప్రాంతమున చెలరేగిన తిరుగుబాటునకు కల్లుగీతపై ప్రభుత్వము విధించిన పన్ను ఒక ముఖ్య కారణము. తన పెరటి చెట్టును తాను గీసికొనుటకు పన్ను కట్టుటేమని మన్యపువారు అడిగిరి. 1882 నాటి మదరాసు అటవీ చట్టము పోడును, అటవీ ఫలసాయమును అరికట్టెను. ఆ బాధయే 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నాయకత్వమున గూడెము, రంపలలో జరిగిన పోరాటమునకు ఆహుతియైనది. చెట్టును ఎరుగుట, చెట్టుపై హక్కు గలిగియుండుట ఈ కొండలలో ఎన్నడును విడివడలేదు. 2006లో పార్లమెంటు చేసిన అటవీ హక్కుల చట్టము అడవి ఫలసాయముపై గిరిజనుల హక్కును గుర్తించినది. కాని చట్టమిచ్చిన హక్కును వాడుకొనుటకు చెట్టు అడవిలో నిలిచియుండవలెను. దానిని ఎరిగినవాడును ఉండవలెను.

ఇక వచ్చి చేరిన చెట్ల విషయము. అరాబికా కాఫీ ఇథియోపియా ఎత్తు ప్రదేశములలో పెద్ద చెట్ల క్రింద పెరిగిన చిన్నచెట్టు. ఆకులు ఎదురెదురు, పూలు మల్లెలవలె తెల్లన, మంచి వాసన, పండునకు రెండేసి గింజలు. కదంబమును, పెరటిలోని నూరువరహాల మొక్కయును దీని బంధువులే. నీడలో పుట్టిన జాతి గనుక నీడను కోరును. ఆ నీడకై సిల్వర్ ఓకును నాటిరి. అది ఆస్ట్రేలియా తూర్పుతీరమున క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్‌లకు చెందినది. ఆకు పైన పచ్చన, అడుగున వెండివలె తెల్లన. సన్నగా చీలియుండుటచే జల్లించిన నీడ పడును. వడిగా, నిలువుగా పెరుగును. మిరియపు తీగకు పట్టుగొమ్మయగును. అరకు లోయ అరాబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. వేలాది గిరిజన కుటుంబములు కాఫీవలన, మిరియములవలన నాలుగు రూకలు కండ్లచూచినవి. పరదేశపు చెట్టని దానిని దూషించుట కృతఘ్నత.

జామాయిల్ ఆకు లక్షణము వేరు. అది కొమ్మనుండి నిలువుగా వ్రేలాడి సూర్యునకు తన అంచు చూపును. ఎండ గాయు దేశమున తేమ కాపాడుకొనుటకు అది నేర్చిన ఉపాయము. అందుచే దాని క్రింద నిలిచినవానికి నీడ దొరకదు. మొగ్గకు చిన్న మూత యుండి, పూవు విచ్చునప్పుడు అది ఊడిపడును. అరకు పరిసరములయందలి పైన్ తోపులును నాటినవే. దక్షిణ భారతమున సహజముగా పైన్ పుట్టదు. దాని ఆకు సూది, సూదులు గుత్తులుగా నుండును. దానికి పండు లేదు, కొయ్యపొలుసుల నడుమ గింజ తెరచియే యుండును. ఇట్లు లక్షణములు చూచినవానికి చెట్టు తన పుట్టిల్లు, తన అవసరము తానే చెప్పుకొనును.

అయినచో వచ్చిన చిక్కేమి? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరమును తాకి కొండలపైకి ఎక్కినప్పుడు కాఫీతోటలలోని నీడచెట్లు అనేకము కూలి, వాని క్రిందనున్న కాఫీ మొక్కలును నలిగిపోయినవి. ఒకేజాతి చెట్లను వరుసలుగా నమ్ముకొన్న రైతునకు నష్టము ఒక్క రాత్రిలో మొత్తముగా వచ్చును. గాలియొక్కటియే కాదు, ఆ జాతికి తెగులు సోకినను, దాని కొయ్యకు ధర పడినను అంతే.

సంవత్సరపు లెక్క వేసి చూడుడు. మాఘ ఫాల్గుణములలో చింతపండు, చైత్రమున ఇప్పపూవు, వైశాఖ జ్యేష్ఠములలో మామిడి, పనస, తొలకరికి గుగ్గిలపు గింజ, శీతకాలమున కరకకాయ, ఉసిరి, జీలుగు కల్లు కొన్ని నెలలు, విస్తళ్ళకు అడ్డాకు. అడ్డ చెట్టు కాదు, చెట్లమీద ప్రాకు మహాలత. ఒంటె అడుగువలె రెండుగా చీలిన దాని ఆకునకు పెద్ద చెట్టే ఆధారము. ఈ సరకులో కొంత ఇంటికి, కొంత సంతకు, కొంత 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థకు పోవును. సిల్వర్ ఓక్ తీగకు అండగా నిలుచును. పెరిగిన పిదప ఒకసారి కొయ్య ఇచ్చును. కడుపునకు ఏమియు ఇయ్యదు. ఆ రెంటికిని పోటీ పెట్టనక్కరలేదు. కాఫీకి నీడ కావలయును. ఆ నీడలో కొంత సిల్వర్ ఓకుది, కొంత పనసది, కొంత నేరేడుది, కొంత కరకది కావచ్చును. మిరియపు తీగ పనస బోదెనైనను ఎక్కును. తోట చదును చేయునాడు ఏ చెట్టును ఉంచవలెను, దేనిని తీయవలెను అని నిర్ణయించువాడు దానిని గుర్తించగలిగియుండవలెను. ఎరుగనివానికి అన్నియు వంటచెరకే.

అపాయము ఇచ్చటనే యున్నది. సిల్వర్ ఓక్ పేరు బడిపిల్లలందరికి వచ్చును. తాత నోట వినిన ఏగిస, నల్లమద్ది, చిల్ల, ముష్టి పేర్లు ఎందరికి వచ్చును? శేషాచలపు ఎర్రచందనమును లోకమంతయు ఎరుగును. దానికి సాధారణముగా మూడు ఆకుల రెమ్మ, గుండ్రని రెక్కగల కాయ. ఆ కాయయే, అయిదు నుండి ఏడు ఆకుల రెమ్మతో, అరకు కొండలలోని ఏగిస చెట్టున కాయును. గంటు పెట్టిన రక్తమువంటి బంక స్రవించును. ఎర్రచందనపు సొంత అన్న ఇంటిముందే నిలిచియుండగా, గుర్తింపక దాటిపోవువారే ఎక్కువ.

ఈ కొరతకు గ్రంథాలయము చేయగలిగిన పని యొకటి కలదు. అది ఖర్చులేనిది. పాత వార్తాపత్రికల నడుమ ఆకును, పూవును ఒత్తి ఆరబెట్టి, దళసరి కాగితముపై కుట్టవలెను. ప్రక్కన తెలుగు పేరు, కువి పేరు, ఆదివాసీ ఒడియా పేరు, దొరికిన తావు, పూచిన మాసము, బెరడు కాయల వర్ణన వ్రాయవలెను. చెప్పువారు ఊరి పెద్దలు, వ్రాయువారు బడిపిల్లలు. మందు మర్మము చెప్పుటయు మానుటయు పెద్దల ఇష్టమునకు విడువవలెను. పేరును, గుర్తును మాత్రము అడిగి వ్రాసికొనవలెను. విషపు చెట్ల పుటలకు ఎర్రసిరా గీత పెట్టవలెను. ఏటికి ఇరువది చెట్లు చేర్చినను మరియొక రజతోత్సవము నాటికి అయిదువందల చెట్ల గ్రంథము సిద్ధమగును. అట్టి గ్రంథమును ఏ పట్టణపు అంగడిలోను కొనలేరు.

గ్రంథాలయమునకు పత్రములు చెట్టుపేరనే వచ్చినవి. పూర్వులు తాటియాకుపై వ్రాసి భాషను కాపాడిరి. ఆ తాడికి చుట్టమైన జీలుగును, జీలుగు నీడన నిలిచిన తక్కిన చెట్లను కాగితముపై వ్రాసి కాపాడు వంతు నేటివారిది. తాతలు ఇంకను ఉన్నారు. వచ్చే చైత్రమున ఇప్పపూవు రాలును. ఆ తెల్లవారుజామున బుట్టతో పాటు ఒక పుస్తకమును, ఒక పెన్సిలును కూడ వెంట పోవుగాక!